దించినవాడే చెప్పాలి

ఇది జరిగింది ఒక గురువారం. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మొదలైంది. మధ్యాహ్నం ఒకటీ నలభైకి అయిపోయింది. జరిగింది మంచు కొండల్లో, మా పై పోస్టులో. నేను కింది పోస్టులో ఉన్నాను. కంటితో చూడలేదు, చెవితో విన్నాను. విన్నదే రాస్తున్నాను.

నేను అక్షరాలు నేర్చుకున్నది మిలిటరీ నుంచి ఇంటికి వచ్చాక, నలభై దాటాక. మా రోజుల్లో ఒంటి బలం చూసి తీసుకునేవాళ్ళు, సంతకం వస్తే చాలు. అందుకే నా వాక్యాలు పొడుగ్గా రావు. ఈ మధ్య ఎమ్మిగనూరులో ఆటల పోటీలు పెట్టి నన్ను పిలిచారు. గెలిచినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమన్నారు. వెనకాల కట్టిన గుడ్డ మీద 'నూటికి నూరు ఇవ్వండి' అని రాసి ఉంది. మైకు చేతికిచ్చారు. దాన్ని తిరిగి ఇచ్చేసి దిగి వచ్చేశాను. అక్కడ చెప్పాల్సింది ఇదే.

మేము పోస్టుకు చేరింది సెప్టెంబరు చివర్లో. బేస్ క్యాంపు నుంచి నాలుగు రోజుల నడక. అందరినీ ఒకే తాడుకు కట్టారు. ఒకడు మంచు చీలికలో పడితే మిగిలినవాళ్ళు పట్టుకోవాలి, అందుకని. మూడు జతల సాక్సులు, తెల్ల బూట్లు, నల్ల కళ్ళద్దాలు. చేతులకు లోపల ఉన్ని గ్లౌజులు, పైన బొటనవేలు ఒక్కటే వేరుగా ఉండే మందపు తొడుగులు. ఆ తొడుగులు తీయొద్దని బేస్‌లో డాక్టరు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ మాతో తిరిగి చెప్పించాడు.

తాడు మీద నా ముందు నడిచినవాడు నేతగాడు. ఎమ్మిగనూరు వాడు. తాత, తండ్రి, తల్లి అందరూ మగ్గం మీద బతికినవాళ్ళే. నాది పెద్దకడుబూరు పక్కన చిన్న ఊరు. పత్తి, శెనక్కాయ. ఇంత పెద్ద సైన్యంలో మా ఇద్దరి ఊళ్ళ మధ్య బస్సు గంట కూడా పట్టదు. మొదటిరోజే కనిపెట్టుకున్నాము.

"అన్నా, ఈడ జొన్నరొట్టె దొరుకుతాదా?" అని అడిగాడు, రెండో రోజు నడకలో.

"దొరుకుతాది. నువ్వు మోసుకొచ్చింటే."

"నేను మోసుకొచ్చింది నిన్నే కదన్నా. తాడు నా నడుముకే గుంజుతాంది."

నేను వాడికన్నా ఇరవై కిలోలు ఎక్కువ. వాడి చేతులు పత్తికట్టెల్లా ఉండేవి. కాళ్ళు మాత్రం గట్టివి. మగ్గం గుంతలో కూర్చుని రోజంతా తొక్కిన కాళ్ళు.

నన్ను కింది పోస్టులో ఉంచారు. వాడిని పై పోస్టుకు పంపారు. రెండింటి మధ్య దూరం పెద్దగా లేదు, కానీ మధ్యలో ఒక మంచు గట్టు అడ్డం. ఎండ ఉన్న రోజు నడిస్తే ఆరు గంటలు. గాలి ఉన్న రోజు నడవకూడదు. పై పోస్టు మాట్లాడాలంటే మాతోనే మాట్లాడాలి. మేము విని బేస్‌కు చెప్పాలి. బేస్ చెప్పింది మేము పైకి చెప్పాలి. అందుకే పై పోస్టు గుడిసె మీద ఏరియల్ కోసం పొడుగాటి కడ్డీ నిలబెట్టారు. ఏరియల్ గట్టును దాటేంత ఎత్తులో ఉంటేనే మాట వచ్చేది.

మా పోస్టులో నలుగురం. కమాండరు సుబేదారు సాబ్. రేడియో ఆపరేటరు. వంటవాడు. నేను. మా మధ్య మాట హిందీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. గుడిసె ఫైబర్‌ది, పైకప్పు దాకా మంచులో కూరుకుపోయి ఉండేది. లోపల కిరోసిన్ స్టవ్ ఎప్పుడూ మండుతూ ఉండేది. ఉమ్మితే నల్లగా పడేది.

డిసెంబరుకల్లా అందరికీ మాటలు అయిపోయాయి. ఉత్తపుణ్యానికే కోపాలు. ఒకరోజు చెంచా కోసం వంటవాడూ ఆపరేటరూ కొట్టుకోబోయారు. సుబేదారు సాబ్ అన్నాడు: "ఏదైనా ఆట పెట్టండి. ఉరికే ఆట వద్దు. ఊపిరి బిగబట్టే ఆట వద్దు. నిలబడి ఆడేది కావాలి."

నేను మా ఊరి గుండు గురించి చెప్పాను.

మా ఊరి మొగదల నున్నటి గుండ్రాయి ఉంటుంది. ఉగాదికి మగవాళ్ళంతా వరసగా దాన్ని ఎత్తుతారు. మోకాటి దాకా, రొమ్ము దాకా, భుజం దాకా. ఎంతసేపు మోస్తే అంత. దానికి ఒకటే కట్టుబాటు. దించేటప్పుడు ఎత్తినవాడే 'దించినా' అని గట్టిగా చెప్పాలి. పక్కవాడు చెబితే లెక్కలోకి రాదు. వాడి చేతులు వణుకుతుంటే ఊరంతా చూస్తూ ఉంటుంది, ఒక్కరూ 'చాలు' అనరు. ఎంత చాలో వాడి ఒంటికే తెలుసు. ఇది నేను కల్పించింది కాదు. మా నాయన అట్లనే ఎత్తాడు. నేనూ అట్లనే ఎత్తాను.

సుబేదారు సాబ్‌కు నచ్చింది. గుండు లేదు కాబట్టి రైఫిల్. రెండు చేతులతో తల మీదికి ఎత్తి, మోచేతులు వంగకుండా పట్టుకోవాలి. ఆదివారం పొద్దున పది గంటలకు, పై పోస్టుకూ కింది పోస్టుకూ పోటీ, రేడియోలో. ఒక్కో పోస్టు నుంచి ఒక్కడు. దించినవాడు తానే రేడియోలో చెప్పాలి.

మా పోస్టు నుంచి నేను. పై పోస్టు నుంచి మొదట్లో వాళ్ళ హవల్దారు ఎత్తేవాడు. రెండు ఆదివారాలు ఓడిపోయి నేతగాడిని నిలబెట్టాడు.

"యాడ దొరికినావప్పా నువ్వు? ఆ సేతులతో రైఫిల్ ఎత్తుతావా, రైఫిల్ నిన్నెత్తుతాదా?" అన్నాను రేడియోలో.

"నువ్వు గమ్మున ఎత్తన్నా. మాట్లాడితే ఊపిరి పోతాది. మల్ల నన్ననాకు."

మొదటిసారి ఆరు నిమిషాలకు వాడి గొంతు వచ్చింది. "దించినా." తరువాతి వారం ఏడు. ఆ తరువాత ఎనిమిది. నేను పది దాకా పట్టుకునేవాడిని. అట్లా జనవరి వచ్చింది. జనవరిలో ఒక ఆదివారం నేను పదకొండు నిమిషాలకు దించాను. వాడు దించలేదు. పన్నెండు. పదమూడు. పద్నాలుగు నిమిషాలకు గొంతు వచ్చింది. "దించినానన్నా."

మా వంటవాడు గరిటె చేతిలో పట్టుకుని పగలబడి నవ్వాడు. "వాడు ఎప్పుడో దించి చాయ్ తాగి, ఇప్పుడు చెబుతున్నాడు. ఎవరు చూశారు?" రేడియో బటన్ నొక్కి ఉండగానే అన్నాడు. పైన అందరూ విన్నారు.

తరువాతి ఆదివారం పది గంటలకు పై పోస్టు పిలవలేదు. మా ఆపరేటరు పిలిస్తే, "మా వాడు ఆడడట" అని జవాబు వచ్చింది. ఆట ఆగిపోయింది.

ఆ పద్నాలుగు నిమిషాలు నిజమా కాదా అని నేను అప్పుడు అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

ఫిబ్రవరిలో పై పోస్టు నుంచి ఇద్దరు దగ్గుతో కిందికి దిగిపోయారు. వాళ్ళ బదులు మనుషుల్ని పంపడానికి వాతావరణం ఒప్పుకోలేదు. పైన నలుగురు మిగిలారు. హవల్దారు, ఆపరేటరు, నర్సింగ్ అసిస్టెంటు, నేతగాడు.

ఇక ఆ గురువారం. తెల్లవారుజామునే గాలి మొదలైంది. మైనస్ ముప్పై. పొద్దున ఎనిమిదికి పై నుంచి మాట వచ్చింది: హవల్దారుకు రాత్రి నుంచి ఊపిరి అందడం లేదు, రొమ్ములో గురగురమంటోంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని బేస్ నుంచి డాక్టరు చెప్పాడు. ఆ ఎత్తులో అది వస్తే మనిషిని కిందికి దించాలి, లేకపోతే సాయంత్రాన్ని చూడడు. గాలి తగ్గితే హెలికాప్టరు వస్తుంది. అంతదాకా మనిషిని నిలబెట్టాలి. ఎంత ఆక్సిజన్, ఏ సూది, ఎప్పుడు, అన్నీ డాక్టరు చెబుతుంటే మేము పైకి చెబుతున్నాము.

పదీ ఇరవైకి పై పోస్టు మాట టక్కున తెగిపోయింది.

మా ఆపరేటరు పిలుస్తూనే ఉన్నాడు. అరగంట తరువాత సన్నగా వచ్చింది. "కడ్డీ విరిగింది. సగం గాలికి పోయింది. మిగిలిన ముక్కకు ఏరియల్ ఉంది. దాన్ని మనిషి ఎత్తి పట్టుకున్నాడు."

"ఎవరు?" అన్నాడు సుబేదారు సాబ్.

"నేతగాడు. గుడిసె మీద నిలబడ్డాడు. తాడు కట్టుకున్నాడు."

వేరే మనిషి లేడు. ఆపరేటరు రేడియో వదలకూడదు. నర్సింగ్ అసిస్టెంటు హవల్దారును వదలకూడదు. నేతగాడు కడ్డీ అడుగును టోపీ మీద, నడినెత్తిన ఆనించుకున్నాడు, మన ఆడవాళ్ళు బిందె మోసినట్టు. రెండు చేతులూ పైకెత్తి కడ్డీ పడిపోకుండా పట్టుకున్నాడు. నిటారుగా ఉంటే మాట గట్టును దాటేది. కొంచెం వాలితే గరగర. భుజం దాకా దిగితే ఏమీ లేదు.

పదకొండూ పదికి మళ్ళీ మాట పోయింది. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో బేస్ డాక్టరు రెండో సూది వేయమన్నాడు, ఆ మాట పైకి చేర్చలేకపోయాము. తిరిగి దొరికినప్పుడు పై ఆపరేటరు చెప్పాడు: "చేతులు తిమ్మిరెక్కి దించాడు. మళ్ళీ ఏ వైపు పెడితే మాట వస్తుందో దొరకలేదు. దానికే ఇంతసేపు. హవల్దారు పెదాలు నీలమయ్యాయి. నేతగాడు చూశాడు. ఇక దించను అంటున్నాడు."

రెండో సూది వేశారు. నేను గడియారం చూశాను. పదకొండున్నర.

అక్కడి నుంచి మా గుడిసెలో ఎవరం కదల్లేదు. స్టవ్ హోరుకు మాట సరిగ్గా వినపడడం లేదని వంటవాడు లేచి స్టవ్ ఆర్పేశాడు. ఎవరూ చెప్పలేదు. గుడిసె చల్లబడిపోయింది. డాక్టరు అడుగుతాడు, మేము అడుగుతాము, పై నుంచి జవాబు.

"నురుగు వస్తోందా?"

"వస్తోంది. గులాబీ రంగు."

"పడుకోనివ్వద్దు. కూర్చోబెట్టు."

"కూర్చోబెట్టాను."

ఆ మాటల్లో నాకు వేరే ఒకటి వినపడుతోంది. నేతగాడి చేతులు. గొంతు తేటగా వస్తే చేతులు నిలువుగా ఉన్నాయి. గరగరమంటే వాలాయి. మళ్ళీ తేట పడితే, ఎత్తాడు. ఆదివారాల్లో ఎవరూ చూడని ఆట అది. ఈరోజు ప్రతి మాటకూ కనబడుతోంది.

పన్నెండూ యాభైకి గొంతు మునగడం మొదలైంది. సగం మాటలే వస్తున్నాయి. సుబేదారు సాబ్ నా వైపు తిరిగి, "నీ భాషలో మాట్లాడు" అన్నాడు. పై ఆపరేటరుకు చెబితే అతను హెడ్‌సెట్‌ను గుడిసె కప్పులోని పొగగొట్టానికి ఆనించాడు. నా మాట గొట్టంలోంచి పైకి పోవాలి.

నేను తీపి మాటలు చెప్పలేదు. "ఏమప్పా పద్నాలుగు నిమిషాలోడా! దించుతాండావా? దించేటట్టుంటే నోటితో సెప్పు. దొంగగా దించద్దు. మా వంటోడు వింటాండాడు."

కొంతసేపు గాలి శబ్దమే. తరువాత పై ఆపరేటరు మాట. అతనిది కేరళ, తెలుగు రాదు. నేతగాడు అరిచింది అరిచినట్టే, ముక్కముక్కలుగా పలికాడు: "ఇం-గా దిం-చల్యా."

మా గుడిసెలో నవ్వినవాడు వంటవాడే. నవ్వి, ముఖం అటు తిప్పుకున్నాడు.

ఆ తరువాత ప్రతి ఐదు నిమిషాలకూ నేను తిట్టాను. ప్రతిసారీ కేరళ గొంతులో 'ఇంగా దించల్యా' వచ్చింది. ఒకసారి మాత్రం అడిగాను. "సేతులకు తొడుగులుండాయా?" "ఉం-డా-యి," అని పలికాడు ఆపరేటరు. నేతగాడు లోపలి ఉన్ని గ్లౌజులను ఉద్దేశించి చెప్పాడని నాకు అప్పుడు తెలియదు.

ఒంటిగంట దాటాక గాలి కొంచెం దిగింది. హెలికాప్టరు బయలుదేరిందని బేస్ చెప్పింది. ఒకటీ ఇరవైకి మా మీదుగా పోయింది. ఎంత బరువు తగ్గించినా ఆ ఎత్తులో ఒక్క మనిషినే తీసుకుపోగలదు. ఒకటీ ముప్పై ఆరుకు హవల్దారును ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ప్రాణం ఉందని పై నుంచి చెప్పారు.

ఇక ఏరియల్‌తో పని లేదు. కానీ పై ఆపరేటరు గొంతు ఇంకా తేటగానే వస్తోంది. "సాబ్, నేతగాడు దించడం లేదు. అయిపోయింది దించు అని నేను రెండుసార్లు చెప్పాను. వినడం లేదు."

సుబేదారు సాబ్‌కు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పక్కవాడు చెబితే లెక్కలోకి రాదు.

గొట్టానికి ఆనించమన్నాను. "అప్పా, హవల్దారు పోయినాడు, కిందికి. బతికే ఉండాడు. ఇంగ నీ ఇష్టం. నువ్వే సెప్పాల."

తరువాత ఆపరేటరు గొంతు కాదు, వాడి గొంతే, గొట్టంలోంచి దిగి వచ్చింది. దూరంగా, బావిలోంచి వచ్చినట్టు.

"దించినానన్..."

అంతే. మాట సగంలో తెగింది. చేతులు దిగాయి కాబట్టి. ఒకటీ నలభై.

రెండు రోజుల తరువాత వాడిని కూడా హెలికాప్టరులో దించారు. అటునుంచి అటే ఆసుపత్రికి. కుడిచేతిలో మూడు వేళ్ళు, ఎడమచేతిలో రెండు, మొదటి కణుపు దాకా నల్లబడిపోయాయి. తీసేశారు, ఇంటికి పంపేశారు. నేను ఏప్రిల్ దాకా కింది పోస్టులోనే ఉన్నాను. మిగిలిన రోజుల గురించి రాయడానికి ఏమీ లేదు. మంచు, కాపలా, స్టవ్.

సెలవు మీద ఇంటికి వచ్చింది మే నెలలో. ఆదోని స్టేషన్‌లో దిగితే ప్లాట్‌ఫారం బూట్లలోంచి కాలింది. ఎదురుగా పత్తి బేళ్ళ లారీ. ఎనిమిది నెలల తరువాత చెమట పట్టింది. మా ఊరికి పోకుండా నేరుగా ఎమ్మిగనూరు బస్సెక్కాను. వాడింటి వీధి అడగాల్సిన పని లేదు, మగ్గాల చప్పుడే దారి చెప్పింది.

వాడు గుంతలో కూర్చుని నేస్తున్నాడు. మగ్గం పిడిని పట్టుకునే వేళ్ళు లేవు కాబట్టి, దానికి గుడ్డ ఉచ్చు కట్టి, మణికట్టుతో లాగుతున్నాడు. పక్కనే పీట మీద వాళ్ళమ్మ. దారం తెగినప్పుడల్లా మగ్గం ఆగుతుంది. ఆమె వంగి ముడివేస్తుంది. మళ్ళీ నడుస్తుంది.

నన్ను చూసి లేవలేదు. "రా అన్నా. జొన్నరొట్టె ఉండాది. ఈడ మోసుకొచ్చే పని ల్యా."

తిన్నాను. తిన్నాక అడిగాను. "తొడుగులు ఎందుకు తీసినావప్పా? డాక్టరు మూడుసార్లు సెప్పినాడు కదా."

"తియ్యకుండా ఎట్లన్నా? అంత మందంలో కడ్డీ జారుతాందో ల్యాదో తెలియల్యా. ఒకసారి జారి మాట పోయె కదా. మల్ల జారితే ఆయన పోతాడు. యేలికి తెలియాల. దారం తెగేది కంటికంటే ముందు యేలికే తెలుస్తాది. లోపలియి వేసుకోనే ఉంటిలే."

వాళ్ళమ్మ ముడివేస్తూ తల ఎత్తలేదు. "ఆ బుద్ధి నేను నేర్పిందేప్పా. సిన్నప్పుడు కండ్లు మూసుకోని దారం పట్టుకోమని సెప్తాంటి. తెలియకపోతే యేళ్ళ మీద కొట్టేదాన్ని."

మగ్గం నడిచింది. దారం తెగింది. ఆమె ముడివేసింది.

బయలుదేరేటప్పుడు వాడన్నాడు: "మీ వంటోనికి సెప్పన్నా. ఆ పద్నాలుగు నిమిషాలు..." అని ఆపి నవ్వాడు. "వద్దులే. సెప్పాకు."

హవల్దారు బతికాడు. ఉద్యోగం పూర్తి చేసి తన ఊరికి పోయాడు. నేతగాడి తల్లి ఇప్పుడు లేదు. ముడులు వాడి భార్య వేస్తుంది. వాడు నేసే గుడ్డ బాగానే ఉంటుంది, ఆలస్యం అవుతుంది. నూటికి నూరు ఇవ్వమని గుడ్డ మీద రాసి కట్టేవాళ్ళకు నేను వద్దని చెప్పను. ఇచ్చినవాడింట్లో ఆ తరువాత ముడులు ఎవరు వేస్తారో కూడా ఒకసారి పోయి చూసి రండి అంటాను. అయినా ఎవరినైనా 'చాలు, దించు' అనే హక్కు నాకు లేదు. వాడికీ ఎవరూ చెప్పలేకపోయారు.

నేను మంచు చాలా చూశాను. మనుషులు పడిపోవడం చూశాను. అవన్నీ కళ్ళలోంచి పోయాయి. పోనిది నేను చూడనిది ఒకటే. గుడిసె కప్పు మీద తెల్లటి గాలిలో ఒక సన్నటి మనిషి, నెత్తిన కడ్డీ, పైకెత్తిన రెండు చేతులు. హెలికాప్టరు పోయింది. చూసేవాడు లేడు. ఇంకా దించలేదు.

ఆ రోజు ఉన్నవాళ్ళ పేర్లు రాసి ఆపుతాను. బేస్‌లో డాక్టరు ముఖర్జీ. హెలికాప్టరు నడిపినవాళ్ళు ఇద్దరు, వాళ్ళ పేర్లు మాకు చెప్పలేదు. కింది పోస్టులో సుబేదార్ రామ్‌సింగ్, రేడియో దగ్గర దిలీప్, స్టవ్ ఆర్పిన వంటవాడు మణి, నేను ఈరన్న. పై పోస్టులో హవల్దార్ బల్వంత్, ఆయన్ను కూర్చోబెట్టి పట్టుకున్న ప్రకాశ్, తనకు రాని తెలుగును అన్నిసార్లు పలికిన జోసెఫ్. కప్పు మీద ఎమ్మిగనూరు రాఘవేంద్ర.